నల్లద్దాల రాత్రి

ఏప్రిల్ 6, ఆదివారం

చెన్నమ్మాళ్ వదినె ఆండిపట్టి నుంచి దిగింది. ఒక గోతం వేరుశనగకాయలు, ఒక సంచి బట్టలు, ఇంటినిండా నోరు. మా ఆయనకు సొంత అక్క. ఆయన ఉన్నన్నాళ్లు ఆమె ఏం చెప్పినా నవ్వేవారు. ఆయన పోయాక ఆ నవ్వే పని నా మీద పడింది. నాకు చేతకాదు. మంగళవారం ఆమెకు కంటిపొర ఆపరేషన్.

రిటైర్డ్ టీచర్ల సంఘం దొరై సార్ ఫోన్ చేశాడు. మే పదిన గాంధీపురం హాల్లో నేను మాట్లాడాలట. టాపిక్: వేరు వేరు దేశాల జానపద కథల్లో టక్కరులు, ఒక పోలిక. లెక్కల టీచరుకు ఇదెందుకు అని అడిగాను. జీవితమంతా పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి, మీకన్నా తగినవాళ్లు ఎవరు మేడం అన్నాడు. ఒప్పుకున్నాను. అతను నవ్వుతుండగానే పెట్టేశాను.

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, ఎవరూ చదవలేరు. కొడుకు రామ్‌కుమార్ తమిళ మీడియం. కోడలు సుగన్య ఇంగ్లీష్ మీడియం. నాకు మాత్రం మా నాయన ఇసుకలో వేలు పట్టి దిద్దించాడు. కాబట్టి డైరీ టేబుల్ మీద తెరిచి ఉంచినా భయం లేదు.

ఏప్రిల్ 7, సోమవారం

ప్రియ గురించి రాయకుండా నిన్న ముగించాను. రాయాలి.

మనవరాలు లక్ష్మిప్రియకు ఫిబ్రవరిలో నాలుగు నిండాయి. మాట్లాడదు. చెవులు పరీక్ష చేయించాం, బాగున్నాయి. చెప్పింది అర్థమవుతుంది. కావలసింది వేలుతో చూపిస్తుంది, ఇవ్వకపోతే చెయ్యి పట్టి లాగుతుంది. అమ్మ, వద్దు. ఈ రెండు మాటలే ఆమె ఆస్తి.

మే పద్నాలుగున ఎల్‌కేజీ ఇంటర్వ్యూ. ఏదో ఒకటి మాట్లాడితేనే సీటు. ప్లేస్కూలు మేడం సుగన్యను పిలిచి, ఇంట్లో మూడు భాషలు కలిపితే పిల్ల తికమక పడుతుంది, ఒకటి పెట్టుకోండి అందట. సుగన్య ఇంగ్లీష్ అంది. రామ్‌కుమార్ ఏదైనా సరేనన్నాడు. నేను తమిళం అన్నాను. నా మాటే నిలబడింది. పిల్ల ముందు ఎవరూ తెలుగు ఎత్తకూడదు.

వదినెకు కూడా చెప్పాను. అట్లయితే నేను ఆమెతో మాట్లాడేదే లేదా అంది. తమిళంలో మాట్లాడు అన్నాను. సంతలో బేరమాడే భాషతో పిల్లను ఎట్లా కొంజేది టీచరమ్మా అంది. కొంజడం అంటే ముద్దు చేయడం. ఆ మాట తమిళమే అని గుర్తు చేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఆపరేషన్ సరిగ్గా జరిగింది. ఆస్పత్రి వాళ్లు నల్లద్దాలు ఇచ్చారు. పక్కలు కూడా మూసి ఉండే పెద్దవి. పగలంతా తీయకూడదు. వదినె వాటితో కుర్చీలో కూర్చుంటే పోలీసు స్టేషన్ నడుపుతున్నట్టుంది.

ఇంట్లో చప్పుడు తగ్గిపోయింది. తమిళంలో నేను స్కూల్లో తిట్టగలను, ఇంట్లో తిట్టడం రాదు. రాత్రి భోజనాల్లో రామ్‌కుమార్ పులుసు కావాలని తమిళంలో అడిగాడు. హోటల్లో సప్లయర్‌ని అడిగినట్టుంది. ఎవరం నవ్వలేదు.

ఏప్రిల్ 12, శనివారం

లైబ్రరీ నుంచి తెచ్చినవి చదివాను. ఒక కాగితం మీద గళ్లు గీశాను. ఎవరు? ఎంత చిన్నవాడు? ఎవరిని మోసం చేశాడు? శిక్ష పడిందా?

పడమటి ఆఫ్రికాలో సాలీడు. నీ పొడవెంతో కొలుస్తానని కొండచిలువను నమ్మించి కర్రకు కట్టేస్తుంది. శిక్ష లేదు. మలయా అడవుల్లో కుందేలంత జింక. రాజుగారు లెక్క పెట్టమన్నారని చెప్పి మొసళ్లను వరసలో నిలబెట్టి వాటి వీపుల మీదుగా ఏరు దాటుతుంది. శిక్ష లేదు. యూరప్ నక్క తోడేలు తోకను మంచులో గడ్డకట్టిస్తుంది. శిక్ష తోడేలుకే! అమెరికా ఆదివాసుల కథల్లో కొయొటే అనే చిన్న తోడేలు ఒక్కటి కాస్త నయం. పక్షుల దగ్గర ఈకలు అడుక్కుని ఎగిరి, గొప్పలకు పోయి, కింద పడుతుంది. కానీ తరువాతి కథలో మళ్లీ లేచి వస్తుంది. చచ్చినా చావదు. జపాన్‌లో ఒక జంతువు టీ కెటిల్‌గా మారి అమ్ముడుపోతుంది. పొయ్యి మీద పెడితే కాళ్లు మొలుస్తాయి.

నాకు చికాకుగా ఉంది. ఇన్ని దేశాల అవ్వలు పిల్లలను పక్కన పడుకోబెట్టుకుని చెప్పింది ఇదా? ఒక్కరికైనా కండక్ట్ మార్కు పాస్ రావడం లేదు.

మన వైపు నక్క గడి ఖాళీగా ఉంది. వదినెకు తెలుసు. అడగడానికి మనసు రావడం లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం, మధ్యాహ్నం 3

ఇప్పుడు జరిగింది ఇప్పుడే రాయాలి.

మేడ మీద వడియాలు తిరగేయడానికి పోతున్నాను. మేడ గదిలో వదినె గొంతు. తెలుగు. కథ చెబుతోంది. పట్టపగలు! పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని మా వాళ్ల నమ్మకం. పిల్లలు పగలు పని చెడగొట్టుకోకుండా ఎవరో పెట్టిన భయం అది. నేను నమ్మను. కానీ వదినె నమ్ముతుంది. ఆమె చిన్నప్పటి నుంచి పొద్దు గూకనిదే నోరు తెరవలేదు.

మెట్ల మీదే నిలబడ్డాను. ఆమె ప్రియకు చెబుతోంది: నాకు కండ్లకి ఇప్పుడు రాత్రి గదా కణ్ణూ, చూడు, అంతా చీకటి. రాత్రయితే కత చెప్పొచ్చు. మీ మామకు ఏమీ కాదు.

అద్దాలు పెట్టుకుని రాత్రి చేసుకుంది. సాలీడు కూడా ఇంత దూరం ఆలోచించదు.

కథ కొంచెం చెప్పి ఆగిపోయింది. ఊఁ కొట్టేవాళ్లు లేకుంటే కత నడవదు అంది. ఎడ్లు లేని బండి పోతుందా అంది. ఆమె కావాలనే ఆగింది. ఎంతసేపైనా ఆగేలా ఉంది. నాకు కాళ్లు లాగుతున్నాయి, ఆ కథ ముందుకు పోవాలని ఉంది, ఒకళ్లు ఊఁ అనండి అని అరవాలని ఉంది.

ప్రియ ఊఁ అంది.

వడియాలు తిరగేయకుండానే దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఎవరికీ చెప్పలేదు. నా రూల్ నేనే తప్పుతున్నాను.

ఏప్రిల్ 19, శనివారం

రోజూ మెట్ల మీద నిలబడుతున్నాను. కాగితం, పెన్సిల్ తీసుకుపోతున్నాను. ఉపన్యాసం కోసమని నాకు నేనే చెప్పుకున్నాను.

నక్క కథ ఇది. ఒక ముసలవ్వ ఒంటరిగా ఉంటుంది. చేలో నక్కకు ఆకలి. తలకు పాగా చుట్టి, పంచె కట్టి, తోకను పంచెలో దోపి, నేను నీ అల్లుణ్ణి అని వస్తుంది. అవ్వకు పంచె కింద తోక కొస కనిపిస్తుంది. ఏమీ అనదు. రా అల్లుడా, సజ్జ సంగటి ఉడుకుతుండాది, మా ఇంట్లో అల్లుడు కత అయ్యేదాకా ఊఁ కొడితేనే ముద్ద అంటుంది. నక్క ఇదెంత పని అని కూర్చుంటుంది. అవ్వ కథ మొదలుపెడుతుంది. నక్క ఊఁ అంటుంది. ఇక్కడ వదినె ఆగుతుంది, ప్రియ ఊఁ అంటుంది. ఇప్పుడు ఆగకముందే అంటోంది. నక్క గొంతుతో ఒకటి, తన గొంతుతో ఒకటి. రెండూ వేరుగా ఉన్నాయి. నేను విన్నాను.

ఇంతలో చేలో మిగతా నక్కలు ఊళ వేస్తాయి. ఒక నక్క కూస్తే ఇంకో నక్క నోరు మూసుకుని ఉండలేదు. అల్లుడు నక్క పాగా కొస నోట్లో కుక్కుకుంటుంది. ఇక్కడిదాకా వచ్చింది. మిగతాది రేపట.

నక్కకు శిక్ష పడుతుందా? ఇవాళంతా ఇదే ఆలోచన. బీరువాలో చీరలన్నీ తీసి మళ్లీ మడతపెట్టాను.

ఏప్రిల్ 22, మంగళవారం

నిన్న, మొన్న సుగన్య ఇంట్లోనే ఉంది. కథ సాగలేదు. ఇవాళ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చింది. నేను మెట్ల మీద, చేతిలో పెన్సిల్. పైన వదినె తెలుగు గొంతు. ప్రియకు అప్పుడే పాలు పట్టారేమో, ఇంకా ఊఁ అనలేదు. సుగన్యకు వినబడింది తెలుగు ఒక్కటే.

సుగన్య ఎప్పుడూ గొంతు పెంచదు. ఇవాళ ఏడ్చింది. రూల్ పెట్టింది మీరుదా, మీరే గదా అత్తా, ఆఫీసులో నేను పర్మిషన్ అడుక్కోని గురువారం గురువారం పిల్ల మాటల థెరపీకి పరుగెత్తుతున్నాను, ఇంట్లో మీరే ఇట్లా చేస్తే నేను ఎవరితో చెప్పుకునేది అంది.

ఊఁ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే వారం రోజులుగా దొంగచాటుగా వింటున్నానని కూడా చెప్పాలి. స్కూల్లో వాడిన టీచరు గొంతు వచ్చేసింది. పైకి పోయి కథ ఆపించాను. తమిళంలో ఆపించాను.

వదినె అద్దాల వెనక నుంచి చూసింది. సరి టీచరమ్మా అంది. అంతే. ప్రియ ఆమె ఒళ్లోంచి దిగలేదు. ఎత్తుకుంటే నన్ను గిల్లింది.

ఏప్రిల్ 24, గురువారం

సుగన్యకు మీటింగ్ ఉందని థెరపీకి నేనూ వెళ్లాను. ఆమె క్యాబ్‌లోంచే ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చింది. థెరపిస్ట్ ఆరోగ్యమేరి చిన్న అమ్మాయే, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఏదైనా శబ్దం చేస్తుందా, ఏ చిన్నదైనా సరే అని అడిగింది. సుగన్య లేదంది.

నేను గోడ మీద బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఏనుగు, బస్సు, గొడుగు.

ఏప్రిల్ 26, శనివారం

కంటి డాక్టర్ ఇక ఊరికి పోవచ్చన్నాడు. వదినె పొద్దున బయల్దేరింది. పోయేటప్పుడు నల్లద్దాలు కనబడలేదు. ఇల్లంతా వెతికాను. వస్తువు పోవడం నాకు నచ్చదు, అందులో ఆస్పత్రిది. పనిమనిషి వీరమ్మాళ్‌ను అడిగితే ఆమెకు కోపం వచ్చింది. మీ ఇంటి నల్లద్దం పెట్టుకోని నేను ఎవరిని మయక్కేది, ఎవరిని వలలో వేసుకునేది అంది. వదినె మాత్రం నిమ్మళంగా ఉంది. నక్క ఎత్తుకపోయినాదేమో అంది. దారిలో కొత్తవి కొనిచ్చాడు రామ్‌కుమార్.

ఆటో ఎక్కేముందు అడిగాను. నక్క ఏమయింది అని. అడగకూడదనుకుంటూనే అడిగాను. ఏ నక్క అంది. పాగా నోట్లో కుక్కుకున్న నక్క అన్నాను. ఓహో, మెట్ల మీద ఎలుక ఉండాదనుకున్నాను, టీచరమ్మవా అంది. ఆటో పోయింది.

ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

ఏప్రిల్ 28, సోమవారం

ఒక్కదాన్నే ఆరోగ్యమేరి దగ్గరికి పోయాను. ఊఁ సంగతి చెప్పాను. కథ, అద్దాలు, నక్క గొంతు, మెట్లు. ఏదీ దాచలేదు. ఆమె కుర్చీలోంచి లేచింది. అది శబ్దం కాదు పాట్టీ, అది వంతు తెలుసుకోవడం, ఎదుటివాళ్లు ఎక్కడ ఆగారో విని తన వంతు తీసుకోవడం, మేమిక్కడ ఆరు నెలలుగా అదే నేర్పుతున్నాం అంది. ఏ భాషైనా సరే, ఆపమని ఎవరు చెప్పారు, నేను చెప్పలేదే అంది.

నేను ఆపాను అన్నాను.

ఇంటికొచ్చి సుగన్యకు, రామ్‌కుమార్‌కు చెప్పాను. తమిళం రూల్ తీసేశాను. ఊఁ ఎట్లా అనింది అత్తా, ఒకసారి అని చూపించండి అంది సుగన్య. అని చూపించాను. ఆమె ముఖం తిప్పుకుంది.

మే 1, గురువారం

వదినెకు వీడియో కాల్ చేశాం. ఆమె రెండు మాటలు చెప్పి ఆగింది. ప్రియ ఫోన్ వెనక్కి తిప్పి చూసి వెళ్లిపోయింది. ఊఁ లేదు. మనిషి లేంది కత ఏమిటికి అంది వదినె. నువ్వు చెప్పు పరమేశ్వరీ అంది. నాకు రాదన్నాను. నా అద్దం నక్క తెచ్చి ఇచ్చినాదా అని అడిగింది. ఈ వయసులో కూడా ఆటలే. పెట్టేశాను.

మే 4, ఆదివారం

కథ చెబుదామని కూర్చున్నాను. అనగనగా అన్నాను. ప్రియ నా చేతిలో స్కేలు ఉందేమోనని చూసింది.

మే 7, బుధవారం

నిద్ర లేదు. ఇంటర్వ్యూకి తోడుంటానని సుగన్య తమ్ముడు మణికండన్ మధురై నుంచి ఆదివారం వస్తున్నాడు. అందరూ నా ముందు మామూలుగా ఉంటున్నారు. అదే భరించలేకపోతున్నాను.

మే 10, శనివారం

ఉపన్యాసం అయిపోయింది. హాల్లో ఫ్యాను చప్పుడు, ముందు వరసలో కునుకు.

గళ్ల కాగితం చేతిలోనే ఉంది కానీ చూసి చదవలేదు. సాలీడు, జింక, కొయొటే, నక్క, కెటిల్ గురించి చెప్పాను. అన్నీ చిన్నవి, అన్నింటికీ ఆకలి. ఎదుటివాడికి బలముంది, కాబట్టి వాడు ఎవరి మాటా పట్టించుకోనక్కర్లేదు. చిన్నవాడికి వేరే దారి లేదు, వాడు పెద్దవాడి తలలో ఏముందో రోజంతా గమనించాలి. మొసలికి ఏం కావాలో, కొండచిలువకు దేనికి పొగరో తెలియకుండా మోసం చేయలేడు. దేశాన్ని బట్టి తేడా శిక్షలో ఉంది. కొయొటేను పడేసి నవ్వుతారు, సాలీడును గెలిపించి నవ్వుతారు. చంపేసి ఊరుకున్న ఊరు నాకు కనబడలేదు అన్నాను. శిక్ష గడికి మార్కులు వేయడం మానేశానని కూడా చెప్పాను.

దొరై సార్ లేచాడు. అట్లయితే మేడం, మనం కొట్టిన పిల్లలందరినీ పిలిచి సారీ చెబుదామా అన్నాడు. అందరూ నవ్వారు. మన వైపు నక్క సంగతి ఏమిటి, దాని గతి చెప్పలేదే అన్నాడు. ఇంకా తెలియలేదు అన్నాను. అది నిజం.

మే 11, ఆదివారం, మధ్యాహ్నం 2

మణికండన్ కోసం వంట చేస్తున్నాం. మధురై బస్సు దిగి, గాంధీపురం వచ్చి, అక్కడి నుంచి తుడియలూరు బస్సు ఎక్కి ఒంటిగంటన్నరకల్లా ఇక్కడుంటానన్నాడు.

పన్నెండు గంటలకు నేను హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కిటికీలోంచి కొబ్బరాకుల నీడ కూడా లేని ఎండ. చీర కొంగు ఎవరో లాగారు.

ప్రియ. ముఖం మీద వదినె నల్లద్దాలు. ఆమె ముఖానికి అవి చెవుల దాకా ఉన్నాయి, ఒక చేత్తో పట్టుకుంది. ఆ రోజు ఇల్లంతా వెతికాను, ఆమె బొమ్మల కుక్కర్ మూత మాత్రం తీయలేదు. ఆ మూత ఇప్పుడు నేల మీద ఉంది.

వదినె కూర్చున్నట్టే నా ఎదురుగా చక్కలముక్కలు వేసుకుని కూర్చుంది. చెయ్యి చాపి గాలిలో తడిమింది, చీకట్లో తడిమినట్టు. నా మోకాలు దొరికింది.

రాత్రి అయిపోయినాది అవ్వా. కత చెప్పు.

చెప్పింది. లెక్కపెట్టాను, ఐదు మాటలు. మళ్లీ చెప్పమని అడగలేదు. వంటింట్లో సుగన్య చేతిలోంచి గరిటె జారిన చప్పుడు విన్నాను. రావద్దని చెయ్యి ఊపాను. ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

మిట్టమధ్యాహ్నం. అది రాత్రి కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు కథ చెప్పడానికి ఏం అడ్డమో కూడా ఆమెకు తెలుసు. పిల్లల అబద్ధానికి నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తల ఊపలేదు.

అవునే, బాగా చీకటి పడింది అన్నాను.

నక్క పాగా నోట్లో కుక్కుకున్న చోటు నుంచి మొదలుపెట్టాను. చేలో నక్కలు కూశాయి. ఊఁ. అల్లుడి కళ్లల్లో నీళ్లు. ఊఁ. పాగా జారిపోయింది, అది కూడా ఆ— అని ఊళ వేసింది. ఊఁ. అవ్వ రోకలి తీసి ఒక్కటి వేసింది, నక్క చచ్చింది, కత అయిపోయింది అన్నాను.

ఊఁ లేదు.

నల్లద్దాలు నా వైపే ఉన్నాయి. మళ్లీ చెప్పాను, నక్క చచ్చింది. ఊఁ లేదు. వదినె మేడ మీద ఎంతసేపైనా ఆగినట్టు ఆ పిల్ల ఆగింది. నేను ఆగలేకపోయాను.

లేదు లేదు, రోకలి కుండకు తగిలింది అన్నాను.

ఊఁ.

సంగటి ఒలికింది. నక్క ఎంత పట్టిందో అంత నోట పట్టి పరుగెత్తింది. ఊఁ. పంచె గడపకు తగులుకుని ఊడిపోయింది. ఇక్కడ నవ్వింది, అద్దాలు జారాయి, ఎత్తి పెట్టుకుంది. అవ్వ ఊరుకుందా? ఆ పంచె తను కట్టుకుంది, ఆ పాగా తను చుట్టుకుంది, మరునాడు నక్కల గుహకు పోయి, నేను మీ వియ్యంకుణ్ణి, నాకు సంగటి పెట్టండి అంది. ఊఁ.

తరువాత ఏమవుతుందో నాకు తెలియదు. రేపు చెబుతానన్నాను. రేపటి రాత్రి కోసమన్నట్టు అద్దాలు తీసి నాకు పెట్టింది. నిజంగానే ఏమీ కనబడలేదు. కళ్లు తడిసి ఉన్నాయి, అదొకటి.

మణికండన్ ఇంకా రాలేదు.

మే 11, సాయంత్రం 4

మణికండన్ ఫోన్ చేశాడు. ఎన్నోసార్లు వచ్చిన దారి, చేతిలో మ్యాప్ ఉన్న మనిషి. తుడియలూరు అనుకుని మరుదమలై బస్సు ఎక్కాడట, కొండ కింద దిగి నిలబడ్డాడు. ఎట్లా జరిగినాదో తెలియలే అత్తా అన్నాడు.

నాకేం తెలుసు అన్నాను.